ఎర్రగా ఉంటే మంచిదే

జమ్మలమడుగు దగ్గరి పాల శీతలీకరణ కేంద్రంలో కాపలాదారుగా చేరిన నేను, వయసు మళ్లాక సొంతంగా కంప్యూటర్ నేర్చుకుని మిషను చూసుకునే పనిలోకి మారాను. పాలను చల్లబరిచే మిషను తన పనితీరును టెర్మినల్ తెర మీద వరుసగా ఇంగ్లీషులో రాస్తూ ఉంటుంది. అంతా చదివే ఓపిక లేక కొన్ని మాటలకు రంగులు పెట్టుకున్నాను. సవ్యంగా ఉందని చెప్పే 'ఓకే'కు కుంకుమ ఎరుపు, 'ఫెయిల్'కు ఉత్త తెలుపు. నాకు గుర్తున్నప్పటి నుంచీ మా ఇళ్లలో శుభానికి ఎరుపే.

మొన్నామధ్య ప్రొద్దుటూరులో కంటి ఆపరేషన్ చేయించుకుని పడుకుని ఉండగా, నా బదులు కూర్చోవడానికి పులివెందుల నుంచి వచ్చిన ఇంజనీరు ఫోన్ చేశాడు.

"పెద్దాయనా, తెరంతా ఎర్రగా వస్తాండాది. మిషను ఆపేసినా."

"ఎరుపు మంచిదప్పా. నేనే పెట్టుకున్న్యా. ముందు మిషను వెయ్యి."

"కంటికి కట్టు కట్టించుకోని ఆడ పండుకోని చెప్తాండావు నువ్వు. నేను ఈడ కండ్లారా చూస్తాండా, ఎర్రగుంటే ఇంక చదివేదేముండాది. రిపేరోళ్లు వచ్చేదాకా ముట్టను" అని పెట్టేశాడు. మళ్లీ చేస్తే ఎత్తలేదు. నర్సు నన్ను మంచం దిగనివ్వలేదు.

మరుసటి రోజు నేను వెళ్లేసరికి విరిగిన పాలు కాలువలో పోస్తున్నారు. ఎరుపు ఎవరు పెట్టమన్నారని మేనేజరు నన్నే నిలదీశాడు. పెండ్లిలో కుంకుమ ఎవరు పెట్టమన్నారని నేనూ అడిగాను. ఇంతలో రోజూ ఎనుముల పాలు పోసే ఓబులమ్మ క్యానుతో వచ్చి, "ఏందప్పా, మా పాలల్లో ఏం తప్పుండాదని పారబోస్తాండారు?" అంది. ఆమె నుదుట రూపాయి బిళ్లంత కుంకుమ.

ఇప్పుడు అంతా సవ్యంగా ఉంటే తెర ఆకుపచ్చగా కనిపిస్తుంది. అదే పద్ధతని అందరూ అంటారు. ఎరుపు చెడ్డదని మాత్రం ఓబులమ్మ ముందు నిలబడి నేను చెప్పలేను.