చిన్నమ్మ గిర్నీకి బ్రేకు

స్విచ్ ఆపేస్తే మోటారు ఆగిపోతుందనుకునేవాళ్లు తార్నాకలో మా చిన్నమ్మ పిండి గిర్నీకి వచ్చి చూడాల్సింది. స్విచ్ ఆపాక చప్పుడు తగ్గుతుంది గానీ చక్రం తగ్గదు. తిరగలి రాయి బరువుకు అది తిరుగుతూనే ఉంటుంది, చక్రానికి చుట్టిన బెల్టు, మేం పట్టా అనేది, దాంతోపాటే పరుగెడుతూ ఉంటుంది. తొంభైల్లో నేను చిన్నమ్మ ఇంట్లో ఉండి పక్కనే యూనివర్సిటీ క్యాంపస్‌లో ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ చదివేదాన్ని. అమ్మకు చెల్లెలు, ఒంటరి మనిషి, నోరు మాత్రం పెద్దది. పిండీ కారం పట్టించుకోవడానికి మల్కాజ్‌గిరి నుంచి కూడా వచ్చేవాళ్లు, సగంమంది ఆమె మాటల కోసమే.

నా ఫైనలియర్‌లో ఒకరోజు ఆమె స్విచ్ ఆపి, చప్పుడు తగ్గింది కదా అని వంగింది. కొంగు పట్టాలో చిక్కింది. లాక్కునేలోపు మోచేతి దాకా తోలు లేచిపోయింది. నేను కట్టు కడుతుంటే, "ఏం కాలే తియ్, కొంగే చినిగింది" అంది. నాకు ఒళ్లు మండింది. ఇంట్లో మోటారునే ఆపలేకపోతే ఈ చదువు ఏ గంగలో కలపడానికి?

దాన్నే ప్రాజెక్టుగా తీసుకున్నాను. మోటారుకు వచ్చే మూడు వైర్లలో రెండు తారుమారు చేస్తే అది ఎదురు తిరగబోయి ఆగుతుంది. సరిగ్గా ఆగిన క్షణంలో కరెంటు తీయకపోతే నిజంగానే వెనక్కి తిరుగుతుంది. ల్యాబ్‌లో అదే జరిగింది. క్లాసులో అబ్బాయిలు నన్ను చాలా రోజులు "రివర్స్ గేర్" అని పిలిచారు, దరిద్రులు. రెండో పద్ధతి నచ్చింది. మామూలు కరెంటు తీసేసి, మోటారులోని తీగచుట్టలోకి కాసేపు డీసీ, అంటే బ్యాటరీలో ఉండే రకం కరెంటు, పంపాలి. అప్పుడు మోటారు తనను తానే పట్టి నిలబెట్టుకుంటుంది. మరీ ఎక్కువ పంపితే పట్టా ఊడి ఎగిరింది. తగ్గించి సరిచేశాను. గిర్నీలో దీనికోసం ఒక ఎర్ర బటన్ బిగించాను, నొక్కితే చక్రం బుద్ధిగా ఆగింది.

చిన్నమ్మ మురిసిపోయింది. "మా బిడ్డ పెట్టింది, చూడుండ్రి" అని వచ్చినవాళ్లందరికీ నొక్కి చూపించేది. "ఊకె నొక్కకు, మోటారు కాలిపోతది!" అని నేనే అరవాల్సి వచ్చేది.

ఎండాకాలంలో వైవా. బయటి నుంచి వచ్చిన ఎగ్జామినర్ పెద్దాయన నా మోటారును ఒకటికి రెండుసార్లు ఆపించి చూశాడు, బాగుందన్నాడు. మళ్లీ తిప్పమని, అది తిరుగుతుండగా గోడ దగ్గరికెళ్లి మెయిన్ స్విచ్ దించేశాడు.

"ఇప్పుడు ఆపమ్మా."

నొక్కాను. మళ్లీ నొక్కాను. మోటారు తన మానాన తను తిరుగుతోంది.

ఆపే కరెంటు కూడా ఆ లైన్లోంచే రావాలి! ల్యాబ్‌లో కరెంటు పోవడం అరుదు కాబట్టి నాకా ఆలోచనే తట్టలేదు. తార్నాకలో మాత్రం ఎండాకాలమంతా మధ్యాహ్నమైతే పోతుంది. బటన్ ఉంది కదా అని చిన్నమ్మ నొక్కి చెయ్యి పెడితే? ఎగ్జామినర్ ఇంకేదో అడుగుతున్నాడు. "సార్, మా చిన్నమ్మ" అని మాత్రం అనగలిగాను. బ్యాగు అక్కడే వదిలేసి ఉరికాను. దారిలో దొరికిన ఆటో ఎక్కి, డ్రైవర్‌ను తార్నాక దాకా తొందరపెడుతూనే ఉన్నాను.

మా గల్లీలో అప్పుడే కరెంటు పోయింది. గిర్నీలో చిన్నమ్మ కొంగు నడుముకు బిగించి, చేతులు చంకల్లో పెట్టుకుని, దూరంగా స్టూలు మీద కూర్చుని ఉంది. ఇంకా తిరుగుతున్న చక్రాన్ని చూస్తోంది.

"ఏందే, గట్ల ఉరికొస్తున్నవ్? పరీక్ష పోయిందా?"

"బటన్ నమ్ముకోకు చిన్నమ్మా! కరెంటు లేకపోతె అది పనిచెయ్యదు."

"ఎరుకే. నువ్వు పెట్టిన తెల్లారే ఎరుకైంది."

"మరి నాకెందుకు చెప్పలే?"

"చెప్తె నువ్వు తిండి మానేసి గదే పట్టుకొని కూసుంటవ్. పరీక్షలు గావాల్నా, గిది గావాల్నా? కరెంటు పోతె నేనే గిట్ల చేతులు కట్టుకొని కూసుంటున్న. నాకేం పోయింది?"

కోపమూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. "నీ చెయ్యి పోతే?" అని అరిచి, గోధుమల సంచి మీదే కూలబడి ఏడ్చాను. ఆమె నా తల నిమిరింది, జుట్టు నిండా పిండి అయింది. "ఏడ్వకు. పాసైతవా లేదా, ముందు గది చెప్పు" అంది.

వైవా మధ్యలోనే వచ్చేసినా పాసయ్యాను. ఆ తర్వాత పాత టైరు ముక్కతో ఒక పెడల్ బిగించాను. కాలితో తొక్కితే అది చక్రాన్ని ఒరుసుకుని ఆపుతుంది, కరెంటుతో పనిలేదు. ఎర్ర బటన్ తీసేస్తానంటే మాత్రం చిన్నమ్మ ఒప్పుకోలేదు. కరెంటు లేని వేళ కూడా, గిర్నీలో ఎవరైనా ఉంటే, ముందు నా బటనే నొక్కేది. ఆ తర్వాత, వాళ్లు చూడకుండా, పెడల్ తొక్కేది.