బెల్లం లోపలి మందు

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఉట్టి మీద ఒక చిన్న పింగాణీ జాడీ ఉండేది. అందులో ఏముందో ఇంట్లో అందరికీ తెలుసు, పేరు మాత్రం ఎవరూ పలకరు. ఎవరైనా అడిగితే ‘పెనుకొండ మందు’ అని చెప్పాలని అమ్మ నాకు గట్టిగా నేర్పింది. అది మా అవ్వ తినే లేహ్యం. అందులో గంజాయి ఆకు ఉండేది. ఈ వయసులో ఆ పేరు పలకడానికి నాకేమీ మొహమాటం లేదు. వినేవాళ్లు ముక్కున వేలేసుకుంటే వేసుకోనీ, నాకేం పోయింది?

మేం ధర్మవరంలో పట్టుచీరలు నేసేవాళ్లం. అవ్వ అంటే మా నాయనను కన్నతల్లి. నాయన మగ్గంలో కూర్చునేవాడు, అమ్మ కండెలకు పట్టుదారం చుట్టేది, అవ్వ పోగులు అతికేది. మగ్గం మీద పాత పడుగు అయిపోవచ్చినప్పుడు కొత్త పడుగును దాని కొసలకు కలపాలి. ఒక్కో పోగూ తీసుకొని, వేళ్లకు కాస్త బూడిద అద్దుకొని, రెండు కొసలనూ కలిపి మెలిపెట్టాలి. ముడి వేయకూడదు, ముడి మగ్గం అచ్చు పళ్ల సందుల్లో దూరదు. అట్లా వేలకు వేలు పోగులు. కళ్ల కన్నా వేళ్లకే ఎక్కువ పని. మా వీధిలో ఎవరి మగ్గానికైనా అవ్వనే పిలిచేవాళ్లు. ఆమె అతికిన పోగు ఊడిందని నేనెప్పుడూ వినలేదు. ఆ సంగతి ఆమెకూ తెలుసు. కొంచెం గర్వం ఉండేది, దాన్ని దాచుకునేది కూడా కాదు.

నాకు తొమ్మిదో పదో ఏళ్లుండగా అవ్వకు కడుపులో నొప్పి మొదలైంది. ముందు పైత్యం అన్నారు, కషాయాలు కాచి పోశారు. తర్వాత తిన్నది నిలవడం మానేసింది. సంగటి వాసన తగిలితే చాలు, డోకు వచ్చేది. ఊరిబిండి పచ్చడి అంటే ప్రాణం పెట్టే మనిషి రోలు దగ్గరికే పోలేకపోయింది. మనిషి ఎంత చిక్కిపోయిందంటే చీర కుచ్చిళ్లు నడుం మీద నిలిచేవి కావు. నొప్పి ఎక్కువైనప్పుడు గోడకు మొహం పెట్టి పడుకొని సన్నగా మూలిగేది. ఆ మూలుగు మగ్గం చప్పుడులో కూడా వినిపించేది.

నాయన ఆమెను హిందూపురంలో ఒక డాక్టరు దగ్గరికి తీసుకుపోయాడు. ఎవరిదో పెళ్లిచీర మగ్గం మీద ఉండడంతో అమ్మ ఇల్లు వదల్లేకపోయింది. దారిలో అవ్వకు వాంతులైతే చెంబు పట్టడానికి నన్ను పంపారు. ఆ డాక్టరు మంచివాడే. కడుపు నొక్కి చూసి, ‘తగ్గిపోతుందిలేమ్మా’ అని అవ్వకు చెప్పి, నాయనను వరండాలోకి పిలిచాడు. లోపల గడ్డ ఉందనీ, కోసినా లాభం లేదనీ చెప్పాడు. చెంబు కడుక్కుంటూ నేను అక్కడే ఉన్నాను.

తిరుగు రైల్లో అవ్వ నన్ను దగ్గరికి లాక్కుని, “డాక్టరు మీ నాయనకు ఏం చెప్పినాడే?” అని అడిగింది. నేను విన్నది విన్నట్టు చెప్పేశాను. నాయన నన్ను కొట్టినంత పని చేశాడు. అవ్వ అతని చెయ్యి పట్టుకుని ఆపి, “దాన్ని ఏమనొద్దు. పొద్దున్నించి నాకు నిజం చెప్పింది ఇదొక్కతే” అంది. ఆ తర్వాత కిటికీ వైపు తిరిగి కూర్చుంది. ఏడవలేదు. నేనే ఏడ్చాను.

పెనుకొండ వచ్చేసరికి ఆమెకు రైల్లో కూర్చోవడం కూడా కష్టమైంది. దిగిపోయాం. స్టేషన్లో వేరుశెనక్కాయలు అమ్ముకునే ఆమె మా అవస్థ చూసి, కొండ కింద ఒక వైద్యుడున్నాడనీ, ఇట్లాంటి డోకులకు మందిస్తాడనీ చెప్పింది. జట్కా మాట్లాడుకుని పోయాం.

ఆ వైద్యుడు ముసలాయన, మాట చాలా పొదుపు. నాడి చూశాడు, హిందూపురం డాక్టరు ఏం చెప్పాడో నాయనను అడిగాడు. అవ్వే చెప్పింది, “గడ్డంట సామీ. బాగుకాదంట. నాకు బాగుచెయ్యమని అడగను. ఒక ముద్ద సంగటి కడుపులో నిలబడితే చాలు.”

ఆయన లోపలికి పోయి జాడీ తెచ్చాడు. “చూడమ్మా, దీంట్లో గంజాయి ఆకు ఉండాది. నేతిలో వేయించి, పాలల్లో ఉడికించి, సొంటి, మిరియాలు కలిపినా. రోగం పోదు. డోకు తగ్గుతాది, నొప్పి కొంచెం దూరం పోతాది. ఎక్కువ తింటే నువ్వే దూరం పోతావు.”

గంజాయి మీద సర్కారు కట్టడి ఉన్న రోజులవి. మందులో కలపడానికి వైద్యులకు ఏదో వెసులుబాటు ఉండేదని పెద్దయ్యాక విన్నాను, నిజమెంతో నాకు తెలియదు. అవ్వకు మాత్రం చట్టం గురించి దిగులు లేదు. ఆమెకు తెలిసిన గంజాయి అంటే బైరాగులు చిలుంలో పీల్చి, ఒళ్లు తెలియకుండా అరుగుల మీద పడివుండడమే. ఆ జాడీ వైపు చాలాసేపు చూసి, “తింటే నా చేతులు నా మాట వింటాయా సామీ?” అని అడిగింది.

“కొలత మించకపోతే వింటాయి. శనగగింజంత చాలు. అయితే ఎవరి కొలత వాళ్లది. నీది యాడుండాదో నువ్వే చూసుకోవల్ల.”

“అట్లయితే ఇయ్యి. నా కొలత నేను చూసుకుంటా” అంది అవ్వ.

ఇంటికొచ్చాక అమ్మ తల బాదుకుంది. “వీధిలో తెలిస్తే తలెత్తుకోగలమా అత్తా?” అని గొడవ చేసింది. “నువ్వు తలెత్తుకో, నేను కడుపు నింపుకుంటా” అని అవ్వ ఆ మాటను అక్కడే తెంచేసింది. ‘పెనుకొండ మందు’ అన్న పేరు ఆ రోజే పుట్టింది.

ఇక కొలత సంగతి. సాయంత్రం మందు తిన్నాక, అది పని మొదలుపెట్టేదాకా ఆగి, అవ్వ నన్ను పిలిచేది. మగ్గం కింద పడిన తెగిన పట్టుపోగులు కొన్ని కిటికీ ఊచకు కట్టమనేది. వాటి కొసలకు వేరే పోగులు తీసుకొని, బూడిద అద్దుకొని, మెలిపెట్టి అతికేది. తర్వాత నేను ఒక్కొక్కటీ పట్టి లాగాలి. ఊడకపోతే మందు సరిగ్గా ఉన్నట్టు. “వేళ్లు ఈడ్నే ఉండాయి. నేనూ ఈడ్నే ఉండా” అనేది. ఇంతకన్నా మంచి తూకం ఏ వైద్యుడి దగ్గరా నేను చూడలేదు.

మందు బాగానే పనిచేసింది. నొప్పి పూర్తిగా పోయిందని చెప్పను, పోలేదు. అయితే మూడో నాడో నాలుగో నాడో అవ్వ ఒక చిన్న ముద్ద సంగటి, చారులో ముంచుకుని తింది. మేమందరం ఆమె మొహమే చూస్తూ కూర్చున్నాం. “ఏమప్పా, నేనేమన్నా కోతినాడిస్తాండానా? మీ పనులు చూసుకోండి” అని కసిరింది. ముద్ద నిలబడింది. నాయన లేచి మగ్గం దగ్గరికి పోయి కళ్లు తుడుచుకున్నాడు. రెండు వారాల్లో అవ్వ పక్కింటి మగ్గానికి కాసేపు పోగులు కూడా అతికివచ్చింది.

మందు చేదు. అందుకని నాయన దాన్ని బెల్లం పొడిలో పొర్లించి, ఉండ చేసి పెట్టేవాడు. అంతా బాగానే జరిగేది, మళ్లీ నొప్పి పెరగకుండా ఉంటే. పెరిగింది. రాత్రిళ్లు మూలుగు మళ్లీ మొదలైంది.

తర్వాత కొన్నాళ్లకు అవ్వ మూలగడం మానేసింది. మందు తిన్నాక ఊరికే అట్లా చూస్తూ కూర్చునేది. పిలిస్తే ఆలస్యంగా పలికేది. ఒక సాయంత్రం ఆమె అతికిన పోగులు నేను లాగితే అన్నీ నా చేతిలోకి వచ్చేశాయి. ఇంకోసారి అతికింది, మళ్లీ ఊడాయి. మరుసటి రోజూ అంతే. అవ్వ తన చేతులు ఒళ్లో పెట్టుకుని, వేరే ఎవరివో అయినట్టు వాటిని చూసింది. “అయిపోయింది పాపా. రోగం చేతులకెక్కింది. ఇంక పోగులు తేవద్దు” అంది. గడ్డ సంగతి విన్నప్పుడు కూడా ఏడవని మనిషి ఆ పూట ఏడ్చింది. కొంగు నోట్లో కుక్కుకుని, చప్పుడు లేకుండా ఏడ్చింది.

తెల్లవారి, ఎందుకో మనసు ఆగక, తనే నన్ను పిలిచి పోగులు కట్టమంది. మందు తినకముందు, ఉదయం పూట. అతికింది. నేను లాగాను, ఊడలేదు. నా బలమంతా పెట్టి లాగితే పోగు ఇంకో చోట తెగింది గానీ అతుకు దగ్గర ఊడలేదు. అవ్వ కాసేపు ఆలోచించి, ఉట్టి మీది జాడీ దింపమంది. ఇంకా నెల రోజులు రావాల్సిన లేహ్యం అడుగంటింది.

నాయన చేసిన పని అప్పుడు నాకూ అర్థమైంది. పైన బెల్లం అంతే ఉంది. లోపల మందు శనగగింజ నుంచి రేగుపండంత అయింది. తన తల్లి మూలుగు వినలేక, ఆమెకు చెప్పకుండా రోజురోజుకీ కొంచెం పెంచుకుంటూ పోయాడు. చెడ్డ ఉద్దేశం ఇసుమంత కూడా లేదు. అయినా నాకు కోపమొచ్చింది. ఇప్పటికీ ఆ కొంగు నోట్లో కుక్కుకున్న మొహం తలచుకుంటే కోపమొస్తుంది.

అవ్వ అరవలేదు. ఆ సాయంత్రం నాయన బెల్లం ఉండ తెచ్చి ఇచ్చాడు. ఆమె దాన్ని చేతిలో అటూ ఇటూ తిప్పి చూసి, తిరిగి అతని చేతిలోనే పెట్టింది. “ఈపొద్దు నువ్వు తిను.”

“నేనేంటికమ్మా?”

“తినరా. నీ చేత్తో చేసిందే కదా, భయమేంటికి?”

నాయన వక్కపలుకు కూడా నమలని మనిషి. కానీ తల్లి మాట కాదని ఎరగడు. తిన్నాడు. చాలాసేపు ఏమీ కాలేదు. ‘చూశావా, ఏం కాదు’ అన్నట్టు నా వైపు చూశాడు. దీపం పెట్టే వేళకు నవ్వు మొదలైంది. కిటికీ ఊచను చూసి నవ్వాడు, నన్ను చూసి నవ్వాడు. అమ్మ వంటింట్లోంచి వచ్చి, గుమ్మంలో నిలబడి, నోరు తెరిచి చూసింది. “గమ్మునుండు” అని అవ్వ ఆమెకు సైగ చేసి, నా చేత పోగులు కట్టించింది.

“అతుకు” అంది కొడుకుతో.

నాయన మాటలు రాకముందే మగ్గం ఎరిగినవాడు. ఒక పోగు పట్టుకోవడానికే నానా తంటాలు పడ్డాడు. మెలి పెట్టానన్నాడు. నేను ముట్టుకుంటేనే ఊడింది. ఇంకొకటి, ఇంకొకటి. నవ్వు ఆగిపోయింది. చేతులు కళ్ల ముందు పెట్టుకుని, “అమ్మా, నా చేతులు యాడికి పోయినాయి?” అని భయంగా అడిగాడు.

“నావి ఇన్నాళ్లూ ఆడికే పోయినాయి” అంది అవ్వ. “నువ్వయితే తిన్నదేందో తెలిసి తిన్నావు. నాకు అదీ తెల్దు. రోగం చేతులకెక్కిందనుకొని ఏడ్చినా రా.”

నాయన ఆమె ఒళ్లో తల పెట్టి పసిపిల్లవాడిలా ఏడ్చాడు. “నువ్వు మూలుగుతాంటే వినలేకపోయినా అమ్మా. నాకు భయమైతాది” అన్నాడు. అవ్వ అతని జుట్టులో వేళ్లు పెట్టి నిమురుతూ నెమ్మదిగా చెప్పింది. “మూలుగు నాది. వినలేకపోతే కాసేపు నువ్వు బయటికి పో. నన్ను మాత్రం బయటికి పంపొద్దు. ఎక్కువ కావల్లంటే నేనే అడుగుతా.” ఆ తర్వాత నాయన అక్కడే నిద్రపోయాడు. అమ్మ దుప్పటి కప్పింది, తిడుతూనే.

మర్నాటి నుంచి బెల్లం మానేశారు. నాయన పెనుకొండ పోయి, జరిగింది వైద్యుడికి చెప్పి, మళ్లీ మందు తెచ్చాడు. మందును అరచేతిలో పెట్టి, ఎంత ఉందో చూపించి, అవ్వ తలూపాకే ఇచ్చేవాడు. నొప్పి ఉండేది, మూలుగూ ఉండేది. నాయన కొన్నిసార్లు నిజంగానే వీధిలోకి పోయి నిలబడేవాడు. పోగులు మాత్రం ఊడలేదు.

వానలు పడి, చుట్టుపక్కల చేలల్లో వేరుశెనగ వేసే రోజులొచ్చాయి. ఒక సాయంత్రం నేను అలవాటుగా పోగులు తెచ్చి ఊచకు కట్టబోతే, అవ్వ వద్దని చెయ్యి ఊపింది. “ఈపొద్దు పోగులొద్దు పాపా. మీ నాయన్ను పిలువు.” నాయన మగ్గం దిగి వచ్చాడు. “పెద్దది పెట్టురా. నేనే అడుగుతాండా” అంది. నాయన ఒకసారి నా చేతిలోని పోగుల వైపు చూశాడు. తర్వాత జాడీ తీసి, అరచేతిలో పెట్టి చూపించాడు. ఆమె చూసింది, చాలదన్నట్టు తల అడ్డంగా ఊపింది. ఇంకొంచెం పెట్టాడు. అప్పుడు తలూపింది. ఆ వారంలోనే పోయింది, పెద్దగా బాధ లేకుండా.

తర్వాత నేను చాలామందికి మందులు పెట్టాను. నాయనకు, అమ్మకు, చివరికి మా ఇంటాయనకు. ఆయన జబ్బు ముదిరినప్పుడు, మందు పాలల్లో కలిపి ఇచ్చెయ్యి, ఆయనకు తెలియనక్కర్లేదని పిల్లలు చెప్పారు. వాళ్లదీ ప్రేమే, నాకు తెలుసు. అయినా నేను కలపలేదు. ఎవరికి మందు పెట్టినా అరచెయ్యి చాపి, ఇదేమిటో, ఎందుకో చెప్పి చూపిస్తాను. వాళ్లు తలూపేదాకా చెయ్యి అట్లాగే పట్టుకుని ఉంటాను.