నవమినాడు ఆగిన ఉమ్మడి గాదె

మొన్న మహర్నవమికి కర్నూల్లో మా తమ్ముడి కొడుకు జిరాక్సు అంగడిలో ఆయుధపూజ పెట్టుకుని నన్నూ పిలిచాడు. మిషన్లకూ కంప్యూటరుకూ గంధం, కుంకుమ అద్ది, చామంతి పూలు చుట్టి, పెద్దవాణ్ణి గదా అని హారతి పళ్లెం నా చేతికిచ్చాడు. పూజకు ముందు అన్నీ ఆపాలని వాడు గోడ మీది మెయిన్ స్విచ్చు దించబోతుంటే, నాకు తెలియకుండానే "ఆగప్పా!" అని గట్టిగా అరిచాను, కర్పూరం కాస్తా కిందపడింది. పెద్దాయనకు చాదస్తం ముదిరిందని అందరూ నవ్వుకున్నారు. ముదిరే ఉంటుంది, కాదనను. కానీ ఆ అరుపు వెనక ఉన్న సంగతి, ఒకే చోట పాతికేళ్లు కొలువు చేసి అదే లోకమనుకున్న మన ఈడు వాళ్లకు తప్ప ఇంకొకరికి చెప్పినా తలకెక్కదు.

ఎర్రగుంట్ల పక్కన మా ఊరి చేలన్నీ సున్నపురాతి మీద పరిచిన పలచని నల్లమన్ను. వాన పడితే జొన్నా శనగా, మొహం చాటేస్తే ఏమీ లేదు. ఆ రాయి కోసం సిమెంటు ఫ్యాక్టరీ వాళ్లు వచ్చి, భూమిచ్చిన ఇంటికొక ఉద్యోగమన్నప్పుడు మా ఊళ్లో మొట్టమొదట సంతకం పెట్టినవాడు మా బావ, మా అక్క భర్త. డిగ్రీ చదివినవాడు, మాటకారి, రాతిచేత కూడా ఔననిపించగల మనిషి. కానీ మా నాన్న తమ్ముడు, మా చిన్నాయన, మాత్రం ఎంతకీ లొంగలేదు. "భూమి ఉంటే గంజన్నా తాగుతాం. ఉద్యోగం యాడికి పోతాదో ఎవురికి తెలుసప్పా?" అనేవాడు. బావ ఆయన వాకిట్లో నులకమంచం మీద రోజూ కూర్చుని, బతిమాలి, చివరకు "నేనుండా గదా మామా, నీ ఉద్యోగానికి నాది పూచీ" అని చేతిలో చెయ్యేసి సంతకం పెట్టించాడు. అన్నమాట ప్రకారం ముగ్గురికీ కొలువులు వచ్చాయి. బావ పోనుపోను కంప్యూటర్ సెక్షనుకు పెద్ద అయ్యాడు, నేను ఆయన కింద ఆపరేటరును, చదువు లేని చిన్నాయన ఎలక్ట్రికల్ హెల్పరుగా వచ్చి మా సెక్షన్ యూపీఎస్‌నూ ఏసీలనూ కన్నపిల్లల్లా సాకేవాడు.

రెండువేల దశకం సగం దాటాక ఫ్యాక్టరీ చేతులు మారింది. కొత్త యజమానులు అన్ని ఊళ్ల ఫ్యాక్టరీల లెక్కలనూ హైదరాబాదులో ఒకే చోట పెట్టుకుంటాం, మీ సెక్షన్ అక్కర్లేదు అన్నారు. నాకూ బావకూ ఏ బళ్లారి అవతలో ఇంకో ఫ్యాక్టరీలో ఒక కుర్చీ దొరకవచ్చు, చిన్నాయనకు మాత్రం ఇంటిదారే. బావ హైదరాబాదుకు తిరిగి తిరిగి, కాళ్లావేళ్లా పడి, ఒక అవకాశం సంపాదించాడు. కొత్త పద్ధతిలో సర్వర్లు ఇక్కడే పెట్టి, ఒక ఏడాదిపాటు ఆటంకం లేకుండా నడిపి చూపిస్తే సెక్షన్ ఉంటుంది, లేకపోతే మూత పడుతుంది.

ఆ కొత్త పద్ధతి ఏమిటో నాలుగు మాటల్లో చెప్తాను, విసుక్కోకండి. అంతకుముందు లారీలు తూచే కాటాకు ఒక సర్వరు, జీతాలకు ఒకటి, స్టోర్సుకు ఒకటి, దేని డిస్కులు దాని కడుపులోనే ఉండేవి. ఒకటి చచ్చిందంటే ఆ పని అంతటితో ఆగినట్టే. కొత్త పద్ధతిలో ఒక్కో పెద్ద సర్వరు లోపల అయిదారు సర్వర్లు ఉన్నట్టు నడిపిస్తారు, వాటన్నిటి సరుకునూ, అంటే లోపలి లెక్కలన్నిటినీ, స్టోరేజి అనే ఒకే పెట్టెలో ఉమ్మడిగా దాస్తారు. అన్నదమ్ములు వేరుకాపురాలున్నా గింజల గాదె మాత్రం ఒక్కటే అన్నట్టు. ఒక సర్వరు పడిపోతే దాని లోపలి పనిని పక్క సర్వరు ఎత్తుకుంటుంది, ఎందుకంటే గాదె ఇద్దరికీ అందేచోటే ఉంది.

ఆ పెట్టె మద్రాసు నుంచి లారీలో, చెక్కల బిగింపులో దిగింది. మా ఊళ్లో గాలంటేనే సగం సిమెంటు, అందుకని గదికి రెండు తలుపులు పెట్టించి, మధ్య తడి గోనెపట్టాలు వేసి, చెప్పులు బయటే విడవాలని కట్టడి చేశాం. బెంగుళూరు నుంచి వచ్చిన ఇంజనీరు డిస్కులను జట్లుగా కూర్చాడు, జట్టులో ఒకటి పాడైనా మిగతావి దాని వాటా మోసేట్టు. ఏ సర్వరుకు ఏ భాగం కనబడాలో విడదీశాడు, ఒక దారి తెగితే ఇంకొకటి ఉండాలని ప్రతి సర్వరుకూ రెండేసి ఫైబర్ కేబుళ్లు లాగించాడు. అన్నీ అమరాక బావ కావాలని ఒక సర్వరును ఆపేశాడు. కాటా తెర రెప్పపాటు ఆగి మళ్లీ అందుకుంది, బయట లారీ తూగుతూనే ఉంది. బావ నా వీపు మీద ఒక్కటి చరిచి "సూసినావా బామ్మర్దీ! ఎవురు పడిపోయినా గాదె ఉండాది, కూడు ఉండాది" అని పకపకా నవ్వాడు. అంత మనసారా నవ్వడం నేను మళ్లీ చూడలేదు.

గాదే పోతే ఎట్లా బావా అని నేనడగకపోలేదు. ఆయనకూ ఆ దిగులుంది. సరుకుకు నకలు తీసి పెట్టే టేపు మిషన్ కావాలని హెడ్డాఫీసుకు రాస్తూనే ఉన్నాడు. అంత పెద్ద పెట్టె కొనిచ్చినవాళ్లు ఈ చిన్న మిషన్ దగ్గర మాత్రం చూద్దాం చూద్దామన్నారు, దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడన్నట్టు.

అట్లా ఏడాది నిండవచ్చే వేళకు మహర్నవమి వచ్చింది. సిమెంటు ఫ్యాక్టరీలో ఆయుధపూజంటే మీరు చూడాలి. సున్నపురాయిని కాల్చే బట్టీని ఆర్పితే లోపలి ఇటుకలు పగులుతాయి గనుక దానికొక్కదానికే మినహాయింపు. గనిలో డ్రిల్లింగు మిషన్ల నుంచి ప్యాకింగు దాకా మిగతావన్నీ ఆగి, కడిగించుకుని, పసుపు పూయించుకుని ఆ పూట సేద తీరుతాయి. నడిచే మిషన్‌కు హారతి ఇస్తే దోషమని మావాళ్ల నమ్మకం, కష్టం చేస్తున్నవాడికి కూర్చోబెట్టకుండా కూడు పెట్టినట్టని. పూజవేళ స్విచ్చు దించడం ఎలక్ట్రికల్‌లో పెద్దవాడి హక్కు. మా గదిలో ఆ హక్కు చిన్నాయనది. స్నానం చేసి, చెప్పులు లేకుండా వచ్చి, బోర్డుకు దండం పెట్టి మరీ దించేవాడు.

సర్వర్లన్నీ పూర్తిగా ఆగాకే, తాను చెప్పాకే, స్టోరేజి స్విచ్చు దించాలని బావ ముందురోజే ఆయనకు నచ్చజెప్పాడు. కానీ లోపలి సర్వర్లు ఒక్కొక్కటే సర్దుకుని ఆగాలంటే సమయం పడుతుంది. పూజ చేయించే అయ్యవారికేమో ఇంకా కాటా ఉంది, ప్యాకింగుంది, గని ఉంది. కొత్త మేనేజరు కుటుంబంతో సహా వచ్చి, గదిలో అన్నిటికంటే ఘనంగా కనబడుతున్న స్టోరేజి ముందే నిలబడ్డాడు. బావా నేనూ గది ఆ చివర తెరను చూస్తూ, ఇంకా రెండున్నాయి, ఇంకా ఒకటుంది అనుకుంటుండగానే ఇక్కడ అయ్యవారు గంట మొదలుపెట్టి కర్పూరం వెలిగించేశాడు. చిన్నాయన చూశాడు. హారతి వెలుగుతోంది, ఎదురుగా పెట్టె మీద పచ్చదీపాలు ఇంకా మినుకుమంటున్నాయి. పాపం, ఆయనకు కాలూ చెయ్యీ ఆడలేదు. కళ్లు మూసుకుని దండం పెట్టి, స్విచ్చు దించేశాడు. గంట మోతలో పెట్టె హోరు ఆగిన సంగతి మాకు తెలియలేదు, గంట ఆగాక తెలిసింది.

బావ ముఖం సున్నం కొట్టినట్టయింది. అయినా అక్షింతలు వేయించుకున్నాడు, ప్రసాదం కళ్లకద్దుకుని తిన్నాడు. మర్నాడు దశమి పొద్దున మళ్లీ స్విచ్చు వేస్తే దీపాలు పచ్చగా రావలసినచోట ఎర్రగా వచ్చాయి. కొన్ని డిస్కులు లేవనే లేదు, లేచిన వాటిలో సగం రాసిన రాత సగంలోనే తెగిపోయి ఉంది. ఒకచోట సరుకు చెడితే ఒకరికే నష్టం, ఉమ్మడి గాదె చెడితే ఇల్లంతా పస్తే. బెంగుళూరు ఇంజనీరు వచ్చి తన విద్యలన్నీ ప్రయోగించి, తల అడ్డంగా ఊపి బస్సెక్కాడు. కాటా చీట్లు లేక లారీలు ముద్దనూరు రోడ్డు పొడుగునా నిలబడిపోతే, డ్రైవర్లు చెట్ల కింద పొయ్యిలు పెట్టుకుని వంటలు చేసుకున్నారు.

విచారణకు హైదరాబాదు నుంచి ముగ్గురు వచ్చారు. స్విచ్చు ఎవరు దించారన్నదే ప్రశ్న. హారతివేళ అందరూ కళ్లు మూసుకున్నారు గనుక చూసినవాళ్లు లేరు. చిన్నాయన నోరు తెరవబోయేలోపే బావ లేచి, నేనే దించినానని చెప్పేశాడు. తనను బలి పెట్టుకుంటే మామ ఉద్యోగమైనా నిలుస్తుందని ఆయన ఆశ. ఆ ఆశా మిగల్లేదు. బావచేత రాజీనామా రాయించి పంపారు, సెక్షనుకు తాళం పడింది, సెక్షనే లేనిచోట ఏసీలు చూసే మనిషి ఎందుకని ఆ నెలలోనే చిన్నాయననూ ఇంటికి పంపారు. నన్ను మాత్రం కాటా దగ్గర చీట్లు చించే పనిలో ఉంచారు. దాన్ని అదృష్టమనుకోవాలో శిక్షనుకోవాలో రిటైరయ్యేదాకా నాకు తేలలేదు.

చిన్నాయనకు అనుమానం మాత్రం పోలేదు. "పూజలో లోపమేమీ జరగలేదు గదా అల్లుడూ?" అని బావను పదేపదే అడిగేవాడు. "ఏం లేదు మామా, ఆ మిషనే మంచిది గాదు" అనేవాడు బావ. అంత మాటకారికి చివరికి మిగిలిన మాట అదొక్కటే.

ఇప్పుడు ఆ ఫ్యాక్టరీ లెక్కలు ఏ ఊళ్లో ఉన్నాయో అక్కడ పనిచేసేవాళ్లకే తెలియదు. నవమికి ఒక మిషన్ కూడా ఆగదు. నడుస్తున్నదానికే దండ తగిలించి ఫోటో తీసుకుంటారు, దోషమనేవాళ్లూ లేరు, దాని ముందు చెప్పులు విడిచేవాళ్లూ లేరు. ఆ స్విచ్చు దించడం నా హక్కు అనుకునే మనిషే లేకుండా పోయాడు. బావా పోయాడు, చిన్నాయనా పోయాడు. నాకు మరపు రానిది మాత్రం వాళ్లిద్దరూ ఇళ్ల పట్టున ఉన్న రోజుల్లో ఒక సాయంత్రం. ముగ్గురం నడుచుకుంటూ గని అంచుదాకా పోయాం. ఊరంత గుంత, అడుగున పచ్చటి నీళ్లు. చిన్నాయన చెయ్యి కళ్లకు అడ్డం పెట్టుకుని "మన చేను యాడ ఉండాదప్పా అల్లుడూ?" అనడిగాడు. బావ కాసేపు వెతుక్కుని, చెయ్యి చాచి, ఆ గుంత నడుమ, మేం నిలబడ్డ ఎత్తులో, ఉత్త గాలిలోకి చూపించాడు. చిన్నాయన అటే శానాసేపు చూసి, ఈ ఏడు వాన బాగా పడింది, శనగ వేసుంటే బాగుండు అన్నాడు.