నూనె చూడకుండా బిగించిన మూత

తెలంగాణ వచ్చిన మరుసటి ఏడు వానాకాలంలో నన్ను పెద్దపల్లి వర్క్‌షాప్‌కు హెడ్ ఫోర్‌మన్‌గా వేశారు. మాది ఒక ప్రైవేటు లారీల కంపెనీ, పెద్ద ఆఫీసు కరీంనగర్‌లో. హెడ్ ఫోర్‌మన్ అంటే మెకానిక్కులకు పైన, మేనేజర్‌కు కింద. పని చెడితే రెండు వైపుల నుంచీ తిట్లు తినే కుర్చీ. వెళ్లీ వెళ్లగానే లారీలు పక్కన పెట్టి ఒక కారు సంగతి చూడమన్నారు.

అది మా సేటు తండ్రి వాడిన ఇంగ్లండు కారు, స్వాతంత్ర్యానికి ముందుది. రేకుల షెడ్డులో ఏళ్ల తరబడి కోళ్లు గుడ్లు పెట్టిన బండి! దసరా దాటిన వారానికి కంపెనీ వార్షికోత్సవం ఉంది. ఆ రోజు సేటు దాన్ని స్వయంగా నడుపుకుంటూ, బ్యాండు మేళంతో ఫంక్షన్ హాలుకు రావాలట.

సాయానికి పోశం అనే ఫిట్టర్‌ను ఇచ్చారు. ఉట్నూర్ ఏజెన్సీలో పాత జీపులు విప్పి బిగించి పని నేర్చినవాడు. ఒకసారి మస్కట్ పోయి, ఏజెంటు చేతిలో మోసపోయి తిరిగి వచ్చాడు. మా దగ్గర రోజుకూలీ. ఇంట్లో భార్య బీడీలు చుట్టేది. కారు నడిస్తే పోశాన్ని పర్మనెంట్ చేస్తానని మేనేజర్ అందరి ముందూ మాటిచ్చాడు. “సారూ, గీ నౌకరి పక్కా అయితే మల్ల గా దేశం మొకం సూడ” అని పోశం నాతో అన్నాడు. ఆ ఆశతోనే అన్నం వేళ కూడా ఇంజను దగ్గరే ఉండేవాడు.

ఇంజను ముందు మూత విప్పగానే రోగం బయటపడింది. క్యామ్‌షాఫ్ట్ గేరు పళ్లు రాలిపోయాయి. తెలియనివారి కోసం చెబుతున్నాను: పిస్టన్లు తిప్పే క్రాంక్‌షాఫ్ట్ రెండు చుట్లు తిరిగితే క్యామ్‌షాఫ్ట్ ఒక చుట్టు తిరిగి, వాల్వులను వేళకు తెరిచి మూస్తుంది. ఈ రెంటినీ కలిపేది ముందున్న గేర్ల జత. చప్పుడు రాకూడదని ఆ కాలంలో పెద్ద గేరును ఇనుముతో కాక ఫైబర్‌తో చేసేవారు. గుడ్డ పొరలను జిగురుతో అదిమి గట్టిపరచిన సరుకు అది. నూనె అందినన్నాళ్లూ మన్నుతుంది, అందకపోతే వేడెక్కి పొడి పొడి అవుతుంది. ఆ నూనె సూది బెజ్జమంత జెట్టు నుంచి దాని మీద పడుతూ ఉండాలి.

కొత్త గేరు హైదరాబాదులో దొరికింది. సుత్తి తగలనీయకుండా ప్రెస్సు మీద ఎక్కించాం. రెండు గేర్ల మీద ఉన్న గుర్తులను ఎదురెదురుగా కలిపాం, పళ్ల మధ్య సందు కొలిచాం. పాత గేరు పొడి నూనె దారుల్లోకి పోయి ఉంటుందని పోశం వాటిని కడిగి, గాలి కొట్టి, మళ్లీ కడిగాడు. ఇక మిగిలింది ఒక్క పరీక్ష. ప్లగ్గులు తీసేసి హ్యాండిల్‌తో ఇంజను తిప్పుతుంటే నూనె గేరు మీద పడటం కంటితో చూడాలి. అది చూశాకే మూత బిగించాలి. ఎంత కడిగినా ఎక్కడో ఒక పలుకు మిగిలే ఉంటుంది, అందుకే ఈ పరీక్ష.

దసరా ముందు రోజు మేనేజర్ పెయింటర్‌ను వెంటబెట్టుకుని వచ్చాడు. వార్షికోత్సవం దాకా ఆగేది లేదట. బండి దసరా నాడే మొదటిసారి స్టార్ట్ కావాలని సేటుకు పంతులు ముహూర్తం పెట్టాడట. మూత వెంటనే బిగిస్తే రంగు వేయిస్తానన్నాడు. “నూనె సూడకుంట మూత పెట్టద్దు సారూ” అని పోశం బతిమాలాడు. ఒక్క పూట టైమ్ ఇవ్వమని నేనూ గట్టిగానే అడిగాను. “ముహూర్తం నువ్వు వెట్టినవా, నేను వెట్టిన్నా? సేటుకు నువ్వు చెప్తవా?” అని మేనేజర్ నా మీద గయ్యిమన్నాడు. చెబుతానని ఫోన్ చేశాను. సేటు పూజ పనుల్లో ఉన్నాడని పెట్టేశారు. నేను ఫోన్ దగ్గర ఉండగానే మేనేజర్ పోశం మీద అరిచి మూత బిగింపించాడు, రంగు పడ్డాక షెడ్డుకు తాళం వేసి, బండి తాళంచెవి కూడా తీసుకుపోయాడు.

మరునాడు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, కొబ్బరికాయ కొట్టారు. ఇంజను మొదటి సెల్ఫుకే అందుకుంది. పోశం కళ్లు తుడుచుకోవడం చూశాను. సేటు తానే స్టీరింగ్ పట్టి, బ్యాండు మేళంతో ఊళ్లోకి బయల్దేరాడు. రైలు గేటు దాటి బజారు మధ్యకు రాగానే కారు టక్కున ఆగింది. బ్యాండు వాళ్లకు తెలియక కాసేపు వాయిస్తూనే ఉన్నారు. చివరికి సేటును దింపి, బండిని తోసుకుంటూ షెడ్డుకు తెచ్చాం.

మూత విప్పితే కొత్త గేరు పళ్లు పిండిలా రాలాయి. ఒక్క బొట్టు నూనె తడి లేదు. సేటు, మేనేజర్ చూస్తుండగా జెట్టులోకి సన్నటి తీగ పెట్టి లాగాను. పాత గేరు పలుకు ఒకటి బయటికి వచ్చింది. పరీక్ష చేయనిచ్చి ఉంటే ఇది ముందురోజే దొరికేదని సేటుకే చెప్పాను. “కడుగుడు వాని పనే గద” అని మేనేజర్ పోశం వైపు చెయ్యి చూపించాడు. సేటు పలుకు వంక చూడనైనా చూడలేదు. “బజార్ల ఇజ్జత్ వోయింది. ఎవడో ఒకడు పోవాలె గద” అన్నాడు. ఎవడో ఒకడంటే ఎవరు? మేనేజర్ పోతాడా! ఆ సాయంత్రమే పోశాన్ని పని మాన్పించారు. కారును తర్వాత ఎవరూ విప్పలేదు. ఆఫీసు ముందు అద్దాల గదిలో పెట్టి, ఏటా దసరాకు కొబ్బరికాయ కొట్టేవారు.

పోశం తన పానాలు, స్క్రూడ్రైవర్లు తీసుకుపోవడానికి వచ్చినప్పుడు, సేటు ముందు నేను మాట్లాడిన సంగతి చెప్పబోయాను. “నాకెరికే సారూ. మీరు ఉన్నదున్నట్టే చెప్పిండ్రు. చెప్పిన మీ నౌకరి ఉన్నది, తప్పు జెయ్యని నా నౌకరి వోయింది” అన్నాడు. నెల తిరగకుండా మళ్లీ మస్కట్ విమానం ఎక్కాడు.

బండి ఆగిపోయాక చెప్పే నిజం ఫిట్టర్‌కు అక్కరకు రాదు. నేను నేర్చుకున్నది అంతే. ఆ తర్వాత ఉద్యోగం ఉన్నన్నాళ్లూ, ఏ ఇంజను కట్టినా, నూనె నా కంటికి కనబడేదాకా బండి తాళంచెవి నా జేబులోనే పెట్టుకున్నాను. పొగరెక్కిందని నా మీద కరీంనగర్‌కు ఫిర్యాదులు పోయాయి. పోనీ అనుకున్నాను, తాళంచెవి మాత్రం ఇవ్వలేదు.