ఓస్సీకి తోడు కావాలి

ఓస్వాల్డ్ నిచ్కేకి భయం. దేనికి భయమని ఎవరైనా కొత్తవాళ్లు అడిగితే మా లిండన్‌బాక్‌లో జవాబు దొరకదు. దేనికి భయం లేదని అడిగితే అసలే దొరకదు. బల్లి కనపడితే భయం, ఉరుము వినపడితే భయం, పళ్ల డాక్టరంటే భయం, చర్చి గంట తాడు తెగి తన నెత్తిన పడుతుందేమోనని భయం. బ్యాండు మేళంలో పెద్ద బాకా ఊదే కుర్రాడి బుగ్గలు పగిలిపోతాయేమోనని కూడా భయమే. చూస్తే ఆరడుగుల పైచిలుకు మనిషి, రోకలిబండల్లాంటి చేతులు. ఆ చేతులతో దారిన పోయేవాళ్ల జబ్బ పట్టుకుని, "కాస్త తోడు వస్తావూ? ఒక్కణ్ణే వెళ్లాలంటే భయంగా ఉంది" అని అడగడం ఆయనకు నిత్యకృత్యం.

పెళ్లాం పోయాక ఎక్కడో పడమటి గోధుమల సీమ నుంచి వచ్చి మా ఊళ్లో స్థిరపడ్డాడు. వచ్చిన వారంలోనే పిరికి ఓస్సీ అని పేరు పడింది. ఆ పేరుతో చాటున పిలవాల్సిన అవసరం ఎవరికీ రాలేదు. పిలిస్తే నవ్వుతూ పలికేవాడు.

ఆ పేరు అందరికన్నా గట్టిగా పిలిచేది ఎల్మా నోస్కే. ఊరికి ఎగువన, యూకలిప్టస్ చెట్ల మధ్య రాతి ఇంట్లో ఒంటరిగా ఉండేది. డెబ్బై దాటినా నోరు మాత్రం పదహారేళ్లదే. క్రిస్మస్ నెల వచ్చిందంటే నగరం నుంచి బస్సులేసుకుని మా ఇళ్ల ముందు వెలిగించే దీపాల అలంకరణ చూడటానికి వచ్చే జనమంతా ఆవిడ వరండాలో తేనె బిస్కెట్లు తినకుండా వెనక్కి పోరు. బిస్కెట్లతో పాటు ఓస్సీ పిరికితనం కథలు కూడా వడ్డించేది. "భయమా? అదెలా ఉంటుందో నాకు తెలీదమ్మా. ఓస్సీని అడగండి, బాగా చెప్తాడు" అనేది.

అది పచ్చి అబద్ధం. ఎల్మా కొత్త కోడలిగా ఉన్న రోజుల్లో కొండల మీదుగా పెద్ద మంటలు వచ్చాయి. ఇంటిల్లిపాదీ బకెట్లతో పరుగులు పెడుతుంటే ఎల్మా పెరట్లో బకెట్టు పట్టుకుని కొయ్యబారిపోయింది. అత్తగారు చెంప మీద ఒక్కటిచ్చి ఈడ్చుకుపోతే బతికింది. ఆ రోజు పడ్డ సిగ్గు మంట కన్నా ఎక్కువ కాల్చింది. తన భయం ఇంకెప్పుడూ ఎవరి కంటా పడకూడదని అప్పుడే ఒట్టు పెట్టుకుంది. భయం మాత్రం ఒట్టు పెట్టుకోలేదు, అలాగే ఉండిపోయింది.

డిసెంబరు మొదట్లో వచ్చే సెయింట్ నికొలస్ రోజు సంగతి చెప్పాలి. ఆ సాయంత్రం చర్చి హాల్లో పిల్లలకు మిఠాయిలు పంచుతూ నికొలస్ వస్తాడు, ఆయన వెనకాలే మొహానికి మసి పూసుకుని, గొర్రెతోలు కప్పుకుని, గొలుసులు ఈడ్చుకుంటూ రూపర్ట్ వస్తాడు. చేతిలో బెత్తాల చీపురు, భుజాన గోనె. ప్రార్థన చెప్పని పిల్లల్ని గోనెలో వేసుకుపోతాడు. ఏటా ఆ వేషం మాంసం కొట్టు క్లారీ గ్రేట్స్‌ది. ఏటా పిల్లల ఏడుపులతో హాలు కప్పు ఎగిరిపోయేది. గొలుసుల చప్పుడు వినగానే ఎల్మాకు కాఫీ కలిపే పని గుర్తొచ్చి వంటగదిలోకి వెళ్లిపోయేది.

ఒక ఏడు గొలుసు చప్పుడైందో లేదో, పిల్లలు నోరు తెరవకముందే, "అమ్మో! చచ్చాన్రోయ్!" అని ఒక గావుకేక. ఓస్సీ బల్ల కిందికి దూరిపోయాడు. దూరినా కాళ్లు బయటే ఉండిపోయాయి.

"నన్ను పట్టుకెళ్లిపోతాడర్రా! మొన్న పాస్టరుగారి ప్రసంగంలో నిద్రపోయాను! గురక కూడా పెట్టాను!"

పిల్లలు ఏడవడం మరిచిపోయారు. ట్రూడీ అని ఇంత బుడ్డది, రూపర్ట్ ఎదురుగా చేతులు చాపి నిలబడింది. "మా తాతని ఏమీ అనకు. ఆయనకి భయం. నువ్వు బయటికి పో!"

క్లారీకి ఏం చెయ్యాలో పాలుపోక చీపురు గోడకు చేరేసి, "సరే తల్లీ, పోతున్నా" అని నిజంగానే పోయాడు. మిగతా పిల్లలు ఓస్సీని కాళ్లు పట్టి బయటికి లాగి, తలో మిఠాయి తినిపించి ధైర్యం చెప్పారు.

"డెబ్బై ఏళ్ల మనిషివి! పిల్లల మిఠాయిలు తింటావా, సిగ్గులేదూ?" అంది వంటగదిలోంచి వచ్చిన ఎల్మా.

"భయానికి తీపి మంచిదట ఎల్మా తల్లీ," అన్నాడు ఓస్సీ నములుతూ.

మా ఊరి రైన్‌హోల్డ్ పేక్‌ను కూడా అలాగే బతిమాలి పట్నం తీసుకెళ్లాడు, పళ్ల డాక్టరు దగ్గరకు తోడు రమ్మని. రైన్‌హోల్డ్ మొండివాడు. గుండె పరీక్ష చేయించుకోమని పెళ్లాం ఏడాదిగా మొత్తుకుంటున్నా వినడు. తిరిగొచ్చాక బేకరీ దగ్గర ఊరందరికీ చెప్పుకుని నవ్వాడు. "వాడు కుర్చీ చూడగానే పారిపోయాడర్రా! మళ్లీ ధైర్యం తెచ్చుకుని వచ్చేదాకా నేనేం చెయ్యను, ఊరికే కూర్చోవడమెందుకని పై అంతస్తులో ఉన్న గుండె డాక్టరుకి చూపించుకున్నా. మంచిపనైంది, ఇంకో నెల ఆగితే పోయేవాడినట. పిరికి సన్నాసి, వాడు మటుకు పన్ను పీకించుకోకుండానే వచ్చాడు!"

ఇక ఉరుములొస్తే ఓస్సీ నేరుగా ఎల్మా ఇంటికే. దబదబా తలుపు బాదేవాడు. "ఎల్మా! తలుపు తియ్యి తల్లీ! ఆకాశం విరిగి పడేలా ఉంది!" లోపల ఎల్మా భోజనాల బల్ల కింద, గుడ్డ అంచులు కిందికి లాక్కుని, చెవులు మూసుకుని కూర్చుని ఉండేది. గబగబా బయటికి పాకి, గౌను దులుపుకుని, తలుపు తీసి, "మళ్లీ దిగబడ్డావా?" అనేది. ఆయన ప్రతి ఉరుముకీ ఎగిరిపడేవాడు. ఆవిడ ప్రతి ఎగురుడుకీ తిట్టేది. అలా తిడుతూ తిడుతూ ఉండగానే వాన వెలిసిపోయేది. డబ్బా నిండా ఉన్న బిస్కెట్లు కూడా అయిపోయేవి.

ఆ ఏడు క్రిస్మస్‌కు ముందు శనివారం, పొద్దుటి నుంచే ఎడారి మీంచి ఉత్తరపు గాలి; మా వైపు క్రిస్మస్ అంటే నడివేసవి. పొయ్యి మూత తీసినట్టు వేడి. నలుపు తెలుపు మేగ్‌పై పిట్టలు ముక్కులు తెరుచుకుని నీడల్లో పడి ఉన్నాయి. బస్సులు వచ్చాయి, వరండా నిండింది. ఎల్మా రెండో వాయి బిస్కెట్లు పళ్లెంలో పెట్టుకుని బయటికొచ్చేసరికి ఊళ్లో సైరన్ కూసింది. కొండ వెనక నుంచి గోధుమరంగు పొగ పైకి లేస్తోంది. జనం కార్లలోకి, బస్సుల్లోకి పరుగులు తీశారు. కాసేపటికి వరండాలో సగం తిన్న బిస్కెట్లు తప్ప ఎవరూ లేరు.

ఊరి వాలంటీర్ల ఫైర్ ఇంజను మీద వెళ్తూ క్లారీ ఆపాడు. "ఎల్మా పిన్నీ, నగరం దారి మూసేశారు. అందర్నీ చర్చి హాలుకి పొమ్మంటున్నారు. కిందికి దిగిపో, ఆలస్యం చెయ్యకు!"

"పోవయ్యా! మా మామగారి తండ్రి కట్టిన గోడలివి. ఎన్ని మంటలు చూశాయో! నేను కదలను," అంది ఎల్మా.

క్లారీకి ఇంకా పై ఇళ్లు చూడాల్సి ఉంది. తల కొట్టుకుని వెళ్లిపోయాడు.

కదలను అని ఎల్మా అన్న మాట నిజమే. కదలలేదు. కాళ్లు రెండూ ఆవిడవి కానట్టున్నాయి. పళ్లెం కింద పెడదామంటే వేళ్లు విడవడం లేదు. కొండ అంచు మీద చెట్ల వెనక ఎర్రటి వెలుగు కనపడింది. అరుద్దామనుకుంది, అరుపు రాలేదు. ఇప్పుడు చెంప మీద కొట్టడానికి అత్తగారు కూడా లేదు. ఇక్కడే నిలబడి చచ్చిపోతాననుకుంది. గోడల మీద ప్రేమతో పోయిందంటారు జనం. నిజం ఎవరికీ తెలీదు. ఆ తలపుకి ఇంకా భయమేసింది.

అప్పుడు పాత పికప్ బండి ఒకటి గేటును గుద్దుకుంటూ లోపలికొచ్చింది.

"ఎల్మా! ఎల్మా తల్లీ! నన్ను కాపాడు!"

ఓస్సీ దిగి పరిగెత్తుకొచ్చాడు. టోపీ తిరగేసి పెట్టుకున్నాడు, ఒక కాలికి బూటు, ఒక కాలికి చెప్పు. "హాలు దాకా ఒక్కణ్ణే బండి నడపలేను. దారంతా పొగ. నాకు గుండాగిపోతుంది. పక్కన కూర్చో చాలు!"

ఎల్మా గొంతు పెగిలింది. "గేటు విరగ్గొట్టావ్!"

"విరిగిందా? అయ్యో, భయంలో చూసుకోలేదు!"

"అదెవరు చేసిన గేటో తెలుసా? మా ఆయన! బుద్ధి ఉందా నీకు?"

"లేదు తల్లీ. ఆ మాట బండెక్కి చెప్పు."

"చెప్తా! ఎందుకు చెప్పను!" అంటూ ఎల్మా మెట్లు దిగింది. దిగి, బండెక్కి, తలుపు దభాలున వేసుకున్నాక గానీ తన కాళ్లు నడిచాయని ఆవిడకు తెలియలేదు. పళ్లెం ఇంకా చేతుల్లోనే ఉంది.

దారి పొడుగునా బూడిద రాలుతోంది. పట్టపగలు బండి దీపాలు వెయ్యాల్సొచ్చింది.

"ఆపకు ఎల్మా, తిడుతూ ఉండు. నువ్వు తిడితేనే నాకు ధైర్యం."

ఎల్మా తిట్టింది. గేటు అయిపోయాక బూట్ల సంగతెత్తింది, బూట్లయిపోయాక ఇన్నాళ్లూ తిన్న బిస్కెట్ల సంగతెత్తింది. వాగు మలుపు దగ్గర ఓస్సీ బండి ఆపాడు. కాలుతున్న పెద్ద కొమ్మ ఒకటి దారికి అడ్డంగా పడి ఉంది.

అయిపోయింది, ఇప్పుడు వీడు మూర్ఛపోతాడు, ఇద్దరం పోతాం అనుకుంది ఎల్మా. ఓస్సీ వెనక్కి వంగి, తడిపిన కంబళి తీసి ఆవిడ నెత్తిన కప్పాడు. "తియ్యకు," అన్నాడు. ఆ గొంతు ఎల్మా ఎప్పుడూ విననిది.

తీయకుండా ఎలా ఉంటుంది? అంచు ఎత్తి చూసింది. ఓస్సీ బండిలోంచి ఒక గొలుసు తీసుకుని మంట దగ్గరకు నడిచాడు. పరిగెత్తలేదు, నడిచాడు. కొమ్మ మొదలుకు గొలుసు చుట్టి, ఈ కొస బండి కొక్కేనికి తగిలించాడు. భుజం మీద పడ్డ నిప్పురవ్వల్ని ఈగల్ని తోలినట్టు దులుపుకున్నాడు. ఈల కూడా వేస్తున్నాడు. తిరిగొచ్చి, బండి వెనక్కి నడిపి కొమ్మను పక్కకు ఈడ్చి, గొలుసు విప్పుకుని, మళ్లీ ఎక్కాడు.

ఎక్కగానే, "అమ్మో ఎల్మా! చచ్చి బతికాను! చూడు, ఒళ్లంతా ఎలా వణికిపోతోందో!" అన్నాడు.

ఎల్మా చూసింది. ఓస్సీ చేతులు స్టీరింగు మీద నిలకడగా ఉన్నాయి. వణుకుతున్నవి తన చేతులు. ఆవిడకు తిట్లు అయిపోయాయి.

చర్చి హాలు కిక్కిరిసి ఉంది. సగం మంది మనవాళ్లు, సగం మంది దీపాలు చూద్దామని వచ్చి ఇరుక్కుపోయినవాళ్లు. బల్లల మీద ఊరవేసిన దోసకాయలు, మెట్‌వుర్స్ట్ సాసేజీలు, టీ కెటిలు. ఎవరూ ముట్టడం లేదు. గోడవార ఒక భారీ మనిషి, చేతుల నిండా పచ్చబొట్లు, మోకాళ్ల మధ్య తల పెట్టుకుని వణుకుతున్నాడు. ఓస్సీ హాలంతా ఒకసారి కలయజూసి నేరుగా అతని దగ్గరకే వెళ్లాడు.

"బాబూ, నీ పక్కన కూర్చోనా? నాకు చాలా భయంగా ఉంది. నువ్వు బలంగా ఉన్నావు, కప్పు పడితే ఆపుతావు."

ఆ మనిషి తలెత్తాడు. "పడదులే తాతా. రాతి కట్టడం ఇది."

"పడదంటావా? ఒట్టు?"

"ఒట్టు. ఇలా దగ్గరికి రా, కూర్చో." అతను వెన్ను నిటారు చేసి, ఓస్సీ భుజం మీద చెయ్యి వేశాడు. "ఎవరైనా ఈ పెద్దాయనకి టీ ఇవ్వండమ్మా!"

ఎల్మా అదంతా చూస్తూ నిలబడిపోయింది. రూపర్ట్ వచ్చిన రోజు పిల్లలు తినిపించిన మిఠాయిలు గుర్తొచ్చాయి. రైన్‌హోల్డ్ గుండె గుర్తొచ్చింది. ఉరుములు గుర్తొచ్చాయి. ఓస్సీ టీకి లేచి వచ్చినప్పుడు మూలకు లాగింది.

"కొమ్మ లాగడం ఎక్కడ నేర్చుకున్నావు?"

"మా పాత ఊళ్లో ఫైర్ ఇంజను నడిపేవాణ్ణిలే. చాలా ఏళ్లు."

"ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పలేదే!"

"చెబితే నాకు తోడెవరొస్తారు ఎల్మా?" అన్నాడు ఓస్సీ.

ఎల్మా గొంతు తగ్గించింది. "నా సంగతి... నీకెప్పటి నుంచి తెలుసు?"

"మొదటి ఉరుము నాటి నుంచీ. తలుపు తీసినప్పుడు నీ నెత్తి మీద బల్ల గుడ్డ ఉంది."

ఎల్మా మొహం కందిపోయింది. ఇన్నేళ్లుగా దాచుకున్నదాన్ని ఈ మనిషి బిస్కెట్లు తింటూ చూస్తూ కూర్చున్నాడు, ఒక్కరికీ చెప్పలేదు. పైగా తను ఊరందరికీ చెప్పిన పిరికి కథలన్నింటికీ తలూపాడు. సిగ్గేసింది, కోపమొచ్చింది, వీటన్నిటి కన్నా ఎక్కువగా గుండెల మీంచి పెద్ద బరువేదో దిగినట్టయింది.

సాయంత్రానికి గాలి మళ్లింది. మంటలు వాగు దగ్గర ఆగాయని, ఎగువ ఇళ్లు దక్కాయని క్లారీ కబురు తెచ్చాడు. కానీ ఆ కబురు రావడానికి చాలా ముందు, పొగ ఇంకా కిటికీలను మూసేసి ఉండగానే, ఎల్మా చుట్టూ చూసింది. కిటికీ దగ్గర ఒక చిన్న వయసు అమ్మాయి, బస్సులో ఒంటరిగా వచ్చినట్టుంది, మొహం గోడకు తిప్పుకుని నోరు నొక్కుకుని ఏడుస్తోంది. ఎవరు నీళ్లిచ్చినా తాగడం లేదు.

ఎల్మా పళ్లెం పట్టుకుని వెళ్లి ఆ పిల్ల పక్కన నిలబడింది.   

"కొంచెం జరుగుతావా అమ్మా," అంది. "నాకు భయంగా ఉంది."

ఊరివాళ్ల తలలన్నీ తిరిగాయి. రైన్‌హోల్డ్ చేతిలో దోసకాయ నోటి దాకా వెళ్లి ఆగిపోయింది.

ఆ పిల్ల గబగబా కళ్లు తుడుచుకుంది. "అయ్యో, భయపడకండి బామ్మా. నేనున్నానుగా, కూర్చోండి. మీ చేతులెంత చల్లగా ఉన్నాయో!" అని రెండు చేతులూ పట్టుకుంది. ఇద్దరికీ మధ్యలో బిస్కెట్ల పళ్లెం పెట్టుకున్నారు. కాసేపటికి ఆ పిల్లే ఒకటి విరిచి ఎల్మాకు సగమిచ్చి, తాను సగం తింది.

అవతల పచ్చబొట్ల మనిషి ఓస్సీని మోచేత్తో పొడిచాడు. "పాపం, ఆ ముసలావిడ నీకన్నా భయస్థురాలిలా ఉంది తాతా."

ఓస్సీ టీ చప్పరిస్తూ హాలు ఈ చివర నుంచి ఆ చివర ఉన్న ఎల్మాను చూశాడు.

"అవును బాబూ," అన్నాడు. "నాకెన్నేళ్లయినా అంత బాగా చేతకాలేదు."