జోసెఫ్‌కు లేని జ్వరం

పెద్దమందడి దాటి నాలుగు కిలోమీటర్లు లోపలికి పోతే వచ్చే ఊళ్లో, చర్చి వెనక వరుసలో చివరి ఇల్లు జోసెఫ్‌ది. ఆ ఇల్లు అతనే కట్టుకున్నాడు. స్లాబుకు సెంట్రింగ్ కూడా తన చేతులతోనే కొట్టాడు. కానీ పెళ్లయిన పదహారేళ్లలో అతను భార్యతో కలిసి ఉన్న రోజులన్నీ కూడినా ఏడాది నిండదు. పుణెలో పెద్ద బిల్డింగులకు కర్రలు నిలబెట్టి, రేకులు పరిచే పని అతనిది. క్రిస్మస్‌కు పది రోజులు, ఎండాకాలంలో పది రోజులు వచ్చేవాడు. ఆ పది రోజులూ కోడికూర, కొత్త బట్టలు, చుట్టాల ఇళ్లతోనే గడిచిపోయేవి. పదో రోజు బ్యాగు సర్దుకుని తిమ్మప్ప మేస్త్రి మాట్లాడిన బండెక్కేవాడు. తిమ్మప్పది గద్వాల అవతల, కర్ణాటక సరిహద్దులో ఊరు. ఈ చుట్టుపక్కల మనుషుల్ని పుణె పనులకు తీసుకుపోయేది ఆయనే.

కరోనా వచ్చిన ఏడాది మే నెలలో జోసెఫ్ రెండు లారీలు మారి ఊరికి చేరాడు. ఊరివాళ్లు ఇంటికి పోనివ్వలేదు. బడిలో పద్నాలుగు రోజులు ఉంచారు. బడి వరండాలో నిలబడితే అతని ఇంటి వెనక గోడ కనిపించేది. పొద్దున్నే భార్య ధనలక్ష్మి గడ్డపార భుజాన వేసుకుని ఉపాధి పనికి పోవడం, ఎండెక్కాక తిరిగి రావడం, బర్రెను విడిచి గడ్డికి తోలడం, హాస్టల్ మూసేయడంతో ఇంటికొచ్చిన కూతురు శిల్ప నీళ్లు మోయడం అన్నీ చూశాడు. రోజూ చూసేసరికి అతనికి ఏదోలా అనిపించింది. తాను లేని ఇల్లు ఎట్లా నడుస్తుందో అతను అంతకు ముందు ఎన్నడూ చూసి ఉండలేదు. అది ఏ అడ్డూ లేకుండా నడుస్తోంది.

పదిహేనో రోజు ఇంట్లోకి వచ్చాడు. రెండు రోజులు నిద్రపోయాడు. మూడో రోజు నుంచి కాలు నిలవలేదు.

సైటు మీద అలవాటైన మనిషి, తెల్లారి అయిదింటికే లేచేవాడు. లేచి చేయడానికి ఏమీ ఉండేది కాదు. చర్చి దాకా నడిచి వచ్చేవాడు. మళ్లీ నడిచేవాడు. తలుపు కిర్రుమంటోందని ఊడదీసి బిగించాడు. బాగానే ఉన్న పశువుల కొట్టం గుంజలు పీకి మళ్లీ పాతాడు. ఒకరోజు ధనలక్ష్మి పని నుంచి వచ్చేసరికి వంటింట్లో స్టవ్ పెట్టుకునే బండ కింద పడి ఉంది. గోడ పెళ్లలు నేల నిండా ఉన్నాయి.

"ఎవర్నడిగి తీసినవ్?" అంది ఆమె గడ్డపార కూడా దించకుండా.

"అడిగేదేంది? వంకరున్నది. నీళ్లన్నీ గోడకు పోతున్నయ్."

"పదేండ్ల సంది గోడకే పోతున్నయ్. నేను గుడ్డ పెట్టి తుడుస్తున్న."

సిమెంటు దుకాణాలు ఇంకా సరిగా తెరవలేదు. వారం రోజులు ఆమె బయట మూడు రాళ్లు పెట్టి వండింది. జోసెఫ్ ఆ వారమంతా ఆమె కంట పడకుండా తిరిగాడు.

శిల్ప సంగతి ఇంకో రకం. ఆ పిల్ల పదో తరగతిలోకి వచ్చింది. ఎక్కడికైనా పోవాలంటే "అమ్మా, పోయొస్త" అనేది. నాన్న ఎదురుగా ఉన్నా తల్లినే అడిగేది. ఒకసారి జోసెఫ్ "పో బిడ్డా, మాస్కు పెట్టుకో" అన్నాడు. శిల్ప కదల్లేదు. లోపల బియ్యం ఏరుతున్న ధనలక్ష్మి తల ఊపాకే వెళ్లింది. పిల్ల తప్పేమీ లేదని అతనికీ తెలుసు. అయినా ఆ రోజు అన్నం సయించలేదు.

జూన్‌లో వానలు పడ్డాయి. ధనలక్ష్మి ఊళ్లో అనంతయ్య అనే రైతు దగ్గర రెండెకరాల చెలక భూమి కౌలుకు మాట్లాడింది. మాట్లాడాకే భర్తకు చెప్పింది. పత్తి పెట్టారు. జోసెఫ్ ఇద్దరు మనుషుల పని ఒక్కడే చేశాడు, కానీ అతనికి ఓపిక లేదు. స్లాబు పోస్తే కొన్ని రోజులకు రేకులు విప్పొచ్చు, కింద నిలబడి తల ఎత్తి చూసుకోవచ్చు. పత్తి చెట్టు ముందు ఎంతసేపు నిలబడినా నిన్న ఎట్లా ఉందో ఈరోజూ అట్లానే ఉండేది. కలుపు తీస్తూ తీస్తూ మధ్యలో లేచి, జేబులోంచి ఫోను తీసి చూసుకునేవాడు. తిమ్మప్ప ఎప్పుడు పిలుస్తాడా అని అతని ధ్యాసంతా దాని మీదే.

సెప్టెంబర్‌లో పిల్లలకు టీవీలో, ఫోనులో పాఠాలు మొదలయ్యాయి. ఇంట్లో టీవీ రెండేళ్ల కింద పిడుగు పడి పోయింది. టచ్ ఫోను జోసెఫ్‌ది ఒక్కటే. పది నుంచి ఒంటిగంట దాకా అది శిల్పకు ఇవ్వాలని ధనలక్ష్మి తేల్చి చెప్పింది. చర్చి మెట్ల మీద సిగ్నల్ బాగుంటుంది. శిల్ప అక్కడ కూర్చుని పాఠం వింటుంటే జోసెఫ్ చర్చి చుట్టూ తిరిగేవాడు. ప్రతి చుట్టుకూ మెట్ల దగ్గర ఆగేవాడు.

"ఎవరన్న చేసిండ్రా బిడ్డా?"

"లేదు నాయినా. నువ్వు గిట్ల తిరుగుతుంటే సార్ చెప్పేది నా తలకెక్కుతలేదు."

పక్కన కూర్చున్న పిల్లలు నవ్వేవాళ్లు. శిల్ప తల దించుకునేది.

తిమ్మప్ప పిలుపు రానే వచ్చింది. అప్పుడు జోసెఫ్ చేను దగ్గర మందు కొడుతున్నాడు. టచ్ ఫోను శిల్ప పాఠంలో ఉంది. అది కలవకపోయేసరికి మేస్త్రి ధనలక్ష్మి దగ్గరుండే చిన్న ఫోనుకు చేశాడు.

"అమ్మా, పని సురువైంది. ఎల్లుండి బండి పోతది. జోసెఫ్‌ను తయారుండమను."

ధనలక్ష్మి బర్రె దగ్గర కుడితి కలుపుతోంది. తడి చేతిలో ఫోను జారిపోతుంటే గట్టిగా పట్టుకుంది.

"ఆయనకు జ్వరమొచ్చిందన్నా. మూడు దినాల సంది లేస్తలేడు" అంది.

"అట్లయితే బేడ, బేడ, రావద్దు. పండుకోమను. బండ్ల ఇరవై మంది ఉంటరు, అందరికీ అంటుకుంటది" అని తిమ్మప్ప పెట్టేశాడు.

ఆమె ఆ సాయంత్రం మొగుడికి ఏమీ చెప్పలేదు. చెప్పాలని రెండు సార్లు దగ్గరికి పోయి, నీళ్ల చెంబు అందించి వచ్చేసింది.

అదే ఊరి నుంచి మల్లేశ్ కూడా ఆ బండికే పోవాలి. తిమ్మప్ప అతనితో అన్నాడు, మల్లేశ్ ఇంట్లో అన్నాడు. తెల్లారేసరికి జోసెఫ్ జ్వరం మాట ఊరంతా పాకింది. నల్లా దగ్గర శిల్ప బిందె పెడితే ఆడవాళ్లు తమ బిందెలు తీసుకుని దూరం జరిగారు. పాల కేంద్రంలో వీళ్ల బర్రె పాలు పోయించుకోలేదు. కిరాణా దుకాణాయన జోసెఫ్‌ను చూసి షట్టరు సగానికి దించాడు.

"నాకేమైందని?" అన్నాడు జోసెఫ్.

"ఏం కాలేదులే. ఇంటికాడ జర పైలం ఉండు" అన్నాడు ఆయన లోపలి నుంచే.

రెండు రోజులు జోసెఫ్ పిచ్చిపట్టినవాడిలా ఊళ్లో తిరిగాడు. అడిగినకొద్దీ జనం వెనక్కి జరిగారు. పుణె బండి వచ్చి పోయిన సంగతి కూడా అతనికి చెప్పినవాళ్లు లేరు. మూడో రోజు పొద్దున ఆశా వర్కర్ వనజ వాకిట్లో నిలబడి పిలిచింది.

"అన్నా, వారం దినాల సంది జ్వరమంట గద. నాకెందుకు చెప్పలే?"

"ఎవరన్నరు?"

"మల్లేశ్‌తోని తిమ్మప్ప మేస్త్రి అన్నడంట. మేస్త్రికి మీ ఇంట్ల నుంచే చెప్పిన్రంట."

జోసెఫ్ వెనక్కి తిరిగి చూశాడు. ధనలక్ష్మి గడపలో నిలబడి ఉంది.

"నేనే చెప్పిన" అంది.

జోసెఫ్ చేతిలో ఉన్న చెంబును వాకిట్లోకి విసిరేశాడు. అది దొర్లుకుంటూ పోయి వనజ కాళ్ల దగ్గర ఆగింది. వనజ దాన్ని తీసి అరుగు మీద పెట్టింది. "మీ పంచాయితీ తర్వాత పెట్టుకోండ్రి. ఊళ్లె మాట లేసింది. ముగ్గురూ టెస్టుకు రాండ్రి" అంది.

పెద్దమందడి దవాఖానలో ముగ్గురి ముక్కుల్లోనూ పుల్లలు పెట్టి చూశారు. జోసెఫ్‌కు లేదు. శిల్పకు లేదు. ధనలక్ష్మికి ఉందన్నారు.

ఆమె నమ్మలేదు. నాలుగు రోజులుగా కూర వాసన తెలియడం లేదు, ఒళ్లు నొప్పులున్నాయి. పత్తి మందు ఘాటుకు ముక్కు పోయిందనీ, పనికి ఒళ్లు పట్టేసిందనీ అనుకుంది.

ధనలక్ష్మిని లోపలి గదిలో పెట్టి తలుపు వేశారు. జోసెఫ్ కోపం కోపంగానే ఉంది, కానీ పొయ్యి వెలగాలి. ఉప్పు ఎక్కడుందో తెలియదు. కందిపప్పు ఏ డబ్బాలో ఉందో తెలియదు. శిల్ప హాస్టల్లో పెరిగిన పిల్ల, ఆమెకూ అంతంతమాత్రమే. ధనలక్ష్మి కిటికీ లోంచి చెప్తుంటే తండ్రీకూతుళ్లు వెతుక్కున్నారు. బర్రె అతన్ని దగ్గరికి రానివ్వలేదు, తన్నింది.

"నా చీర కప్పుకొని పో. వాసన పడితే నిలబడ్తది" అంది ధనలక్ష్మి.

అతను పాత చీర ఒంటికి చుట్టుకుని, కొంగు తలమీద వేసుకుని బర్రె కింద కూర్చున్నాడు. బర్రె ఒకసారి వెనక్కి చూసి ఊరుకుంది. శిల్ప నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. కిటికీ వెనక దగ్గుతో కలిసిన నవ్వు ఒకటి వినిపించింది. జోసెఫ్ మాత్రం నవ్వలేదు.

ఆరో రోజు ఆ దగ్గు మారింది. మాట్లాడుతుంటే మధ్యలో ఊపిరి అందడం లేదు. వనజ వచ్చి ధనలక్ష్మి వేలికి ఆక్సిజన్ చూసే క్లిప్పు పెట్టి చూసి, 108కి ఫోను చేసింది. అంబులెన్స్‌లో ధనలక్ష్మిని ఒక్కదాన్నే ఎక్కించారు. వెనక పోవడానికి జోసెఫ్‌కు బండి లేదు. ఊళ్లో ఎవరినీ అడిగే ధైర్యం లేదు. అప్పుడు అనంతయ్య తన మోటార్‌సైకిల్ తెచ్చి రోడ్డు మీద నిలిపాడు. తాళంచెవి గోడ మీద పెట్టి పది అడుగులు పక్కకు జరిగాడు.

"తీస్కపో. పిల్లను మా ఆడోళ్లు చూస్తరు" అన్నాడు.

వనపర్తిలో దవాఖాన లోపలికి ఎవరినీ పోనివ్వడం లేదు. జోసెఫ్ అయిదు రోజులు గేటు బయటే ఉన్నాడు. కూర్చోలేడు. గేటు నుంచి టీ బండి దాకా, టీ బండి నుంచి గేటు దాకా నడిచాడు. లోపలి నుంచి ఎవరు బయటికి వచ్చినా ఎదురు పోయేవాడు. ఆమె దగ్గర చిన్న ఫోను ఉంది కాబట్టి రోజుకు రెండు మూడు సార్లు మాట్లాడుకునేవాళ్లు. పదహారేళ్లు ఫోన్లోనే కాపురం చేసిన మనుషులు, అయినా అంతసేపు ఎప్పుడూ మాట్లాడుకోలేదు. మూడో రోజు ఆమె గొంతు కొంచెం తేరుకుందనిపించాక అడిగాడు.

"జ్వరమని ఎందుకు చెప్పినవ్?"

ఆమె కాసేపు ఊపిరి తీసుకుంది.

"పత్తి ఏరేదున్నది. పిల్ల పదో తరగతి. నాకు పానం అలిసిపోయింది. పదహారేండ్లల పోవాల్నా వద్దా అని ఒక్కసారన్న నన్నడిగినవా? మేస్త్రి తయారుండమంటే నోటికి గదే వచ్చింది."

"ఉండుమని నన్నే అడిగితే అయిపోతుండె గద."

"అడిగితే ఉంటుంటివా?"

జోసెఫ్ టీ బండి దాకా నడిచి ఆగాడు. అబద్ధం చెప్పాలనిపించలేదు.

"ఏమో. పోతుంటినేమో."

"గందుకే అడగలె" అంది ఆమె. ఆ మాటలో కోపం లేదు. అదే అతన్ని ఎక్కువ బాధ పెట్టింది.

అయిదో రోజు సాయంత్రం ఆమెను పంపించారు. మనిషి సగమైంది. వాకిలి నుంచి కొట్టం దాకా నడిస్తే ఆయాసం వచ్చేది. అక్టోబర్ వానలకు పత్తి నల్లబడింది. ఆమె గట్టు మీద కూర్చుని ఏ చాలు ముందు ఏరాలో చెప్తుంటే, జోసెఫూ శిల్పా మిగిలింది ఏరారు. జనం మళ్లీ మాట్లాడటం మొదలుపెట్టారు. పాలు కూడా పోయించుకున్నారు. జోసెఫ్ మాత్రం ఆ కిరాణా దుకాణం మెట్టు మళ్లీ ఎక్కలేదు.

అన్నీ చక్కబడి అతను ఊళ్లో కుదురుకున్నాడంటే అబద్ధమవుతుంది. జనవరిలో తిమ్మప్ప మళ్లీ పిలిచాడు. ఈసారి జోసెఫ్ భార్య ముందు కూర్చుని, "పోవాలనుంది. ఏమంటవ్?" అని అడిగాడు. ధనలక్ష్మి ఒక రోజంతా జవాబు చెప్పలేదు. మరునాడు "పిల్ల పరీక్షల దాకా పోయిరా" అంది. పోయాడు. పరీక్షలు జరగనే లేదు, అందరినీ పాస్ చేశారు. ఏప్రిల్‌లో రెండోసారి కరోనా లేచినప్పుడు మేస్త్రి చెప్పేదాకా ఆగకుండా, మొదటి వారంలోనే బస్సెక్కి వచ్చేశాడు.

ఆ తర్వాత పుణె పోలేదు. వనపర్తి చుట్టుపక్కల కట్టే ఇళ్లకు సెంట్రింగ్ పని పట్టుకున్నాడు. పొద్దున పోయి సాయంత్రానికి వస్తాడు. అక్కడ కట్టేవి రెండంతస్తుల ఇళ్లే. ఇరవయ్యో అంతస్తు మీద నిలబడి చూసిన మనిషికి అవి కంటికి ఆనవు. వచ్చే ఏడు మళ్లీ పుణె పోతానని ప్రతి ఏడూ అంటాడు. శిల్ప ఇప్పుడు నాగర్‌కర్నూల్‌లో నర్సింగ్ చదువుతోంది. ధనలక్ష్మికి ఆయాసం పూర్తిగా పోలేదు, గడ్డపార పని మానేసింది.

ఆదివారం చర్చి అయ్యాక జోసెఫ్‌కు ఇప్పటికీ కాలు నిలవదు. వాకిట్లో అటూ ఇటూ తిరుగుతుంటే ధనలక్ష్మి గడపలో కూర్చుని చూస్తుంది.

"చేనుకాడికన్న పోయిరాపో. నా కండ్లు తిరుగుతున్నయ్" అంటుంది.

అతను చెప్పులేసుకుని, "నువ్వు గూడ రా. మెల్లగ నడుద్దాం" అంటాడు. కొన్ని వారాలు ఆమె వస్తుంది. కొన్ని వారాలు రాదు.