దిబ్బ మీద నిప్పు

మఠం పెద్దాయన ఎవరినీ కొట్టలేదు. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను. ఎందుకంటే ఈ సంగతి విన్నవాళ్లు మొదట అడిగేది అదే, కొట్టేవాడా, తిట్టేవాడా అని. లేదు. ఆయన గొంతు పెంచగా నేను వినలేదు. పక్కనున్న మనిషికి మాత్రమే వినబడేటంత సన్నగా మాట్లాడేవాడు. అది వినడానికి ఊరంతా ఊపిరి బిగబట్టి కూర్చునేది. బిగబట్టడం మాకు అలవాటైపోయింది.

పాకాలకు మూడు మైళ్ల దూరంలో మా ఊరు. ముప్పై ఇళ్లు, అందరం ఆ మఠం వాళ్లమే. మెడలో తులసిపూసలు. శనివారం ఉపవాసం. ఎర్రగడ్డ, తెల్లగడ్డ, అంటే ఉల్లి, వెల్లుల్లి ముట్టం. పూసలు లేనివాళ్లతో కలిసి కూర్చుని కూడు తినం. నేను కోడలిగా వచ్చిన రోజే నా మెడలోనూ పూసలు కట్టారు. నన్నెవరూ అడగలేదు. ఎందుకని నేనూ అడగలేదు.

రెండో ప్రపంచ యుద్ధం జరుగుతున్న కాలం. మా ఎదురింటతను రేణిగుంటలో రైలు కట్ట మీద కూలికి పోయేవాడు. ఆదివారం ఇంటికొచ్చేవాడు. అక్కడ కూలీలందరితో కలిసి కూర్చుని తిన్నాడని ఎవరో మోసుకొచ్చారు. మఠం సభలో సాష్టాంగపడి తప్పు ఒప్పుకొమ్మని పెద్దాయన అడిగాడు.

"ఆకలైంది, తిన్నాను. దాంట్లో తప్పేముండాది సామీ?" అన్నాడతను.

అంతే. ఆ ఇంటికి నిప్పూ నీళ్లూ బందు. ఇచ్చినవాళ్ల ఇంటికీ బందు. అతను మర్నాడు పొద్దున్నే పనికి వెళ్లిపోయాడు. శిక్ష పడింది ఇంట్లో ఉన్న పెళ్లాం మీద, ఇరవై రోజుల బిడ్డ మీద.

నీళ్లు ఆమె ఊరి బయట పారే వంకలో ముంచి తెచ్చుకునేది. దొరకనిది నిప్పే. అగ్గిపెట్టెలు అంగట్లో కనబడని రోజులవి. చెకుముకి రాయి మగవాళ్ల మొలలో ఉండేది, ఆమె మగడు ఊళ్లో లేడు. ఎవరింట్లో పొయ్యి ఆరినా పక్కింటికి పిడక పట్టుకుపోయి అంటించుకు రావాల్సిందే. ఆ వారం కార్తీకపు వాన పట్టింది. ఆమె ఇల్లు కారి, పొయ్యి తడిసి చల్లారింది.

బుధవారం పొద్దున పిడక చేత్తో పట్టుకుని మా గడప ముందు నిలబడింది. బిడ్డను చీర కొంగులో చుట్టి రొమ్ముకు అదుముకుని ఉంది.

"రోంత నిప్పు పెట్టక్కా. బిడ్డ ఒళ్లు సల్లగా అయిపోతాండాది."

"మా పొయ్యి ఇంకా ముట్టించలేదు మే," అన్నాను.

మా కప్పు మీద పొగ లేస్తోంది. ఆమె తలెత్తి చూసింది.

"అవునక్కా. మీ ఇంటి మీద మబ్బు దిగినట్టుండాది," అని వెళ్లిపోయింది.

నేను లోపలికొచ్చి పొయ్యి ముందు కూర్చున్నాను. నా కూతురికి అప్పుడు రెండేళ్లు. నిప్పు ఇస్తే రేపు నా బిడ్డ కూడా అలాగే ఉంటుందని భయపడ్డాను. పెద్దాయన ముఖం గుర్తొచ్చి కాదు. ఇటుపక్కింటి ఆమె చూసి ఉంటుందా, అటుపక్కింటి ఆమె విని ఉంటుందా అని. నిజం చెప్పాలంటే మా అత్త చూసి ఉంటుందా అని.

గురువారం వాన తెరిపిచ్చింది. బూడిద పారబోసే వంకతో పగిలిన చట్టిలో నాలుగు కణకణలాడే నిప్పులు వేసి, పైన బూడిద కప్పి, మా ఇంటికీ ఆమె ఇంటికీ మధ్య ఉన్న చెత్తదిబ్బ మీద చట్టితో సహా వదిలేశాను. వెనక్కి తిరిగితే అత్త వాకిట్లో ఉంది.

"ఏం మే, బూడిద పోసేటప్పుడు నీళ్లు సల్లాల్నని మీ అమ్మ సెప్పలేదా?"

"మర్సిపోయినానత్తా."

ఆమె లోపలికి పోయింది. కాసేపటికి ఎదురింటి కప్పు మీద పొగ లేచింది. మర్నాడు నేను పొయ్యి ముట్టించబోతుంటే అత్త తనే ఒక చింతమొద్దు తెచ్చి పడేసింది.

"ఇది పెట్టు. నిప్పు నిలుస్తాది."

"మనకంత నిప్పు యాలత్తా?"

"నోరు మూసుకోని పెట్టు."

ఆ శుక్రవారం ఇంకో చట్టిలో నిప్పులు పట్టుకుని బయటికెళ్లి చూస్తే, వీధిలో ఇంకో మూడు దిబ్బల మీద సన్నగా పొగ. నాకు సంతోషం కలిగిందని రాస్తే అది అబద్ధం. భయమేసింది. ఒక్కదాన్నే అయితే దాచుకోవచ్చు. ఇంతమంది చేస్తే ఎవరో ఒకరు బయట పెడతారు.

శనివారం సభకు ఆమెను పిలిపించారు. లోపలికి రానివ్వలేదు. చూరు కింద బిడ్డతో నిలబడింది.

"తల్లీ, నీ ఇంట్లో పొగ వస్తాండాదంట. నిప్పు యాడిది?" అన్నాడు పెద్దాయన, ఎప్పట్లాగే మెత్తగా.

ఆడవాళ్లమంతా ఒక పక్క కూర్చున్నాం. ఆమె మా వైపు చూస్తే చాలు, నేను పట్టుబడేదాన్ని. ఆమె మా వైపు అసలు తల తిప్పలేదు.

"వల్లకాట్లో తెచ్చుకున్నా సామీ. ఆడ ఎవురూ లేదనలేదు."

మా ఊళ్లో నాలుగు నెలలుగా ఎవరూ చావలేదు. ముప్పై ఇళ్లకూ ఆ సంగతి తెలుసు. అంత వానలో కాడు ఎక్కడ కాలుతుంది? చితులు పేర్చే ముసలాయన అక్కడే కూర్చుని వేలితో నేల గీకుతున్నాడు. బడిపంతులు కూడా ఉన్నాడు. మాకంటే ఆయన తల ఇంకా కిందికి వంగి ఉంది. చదువు రాక మేం భయపడ్డామని తర్వాత చాలామంది అన్నారు. యాభై దాటాక నేనూ పలక పట్టి అక్షరాలు దిద్దుకున్నాను. ఆ పంతులు తల నాకు గుర్తుంది కాబట్టి ఆ మాట నమ్మను.

పెద్దాయనకూ తెలుసు. కళ్లు మూసుకుని తెరిచాడు. మమ్మల్ని అడిగి ఉంటే ఏమయ్యేదో. అడగలేదు.

"కాటి నిప్పు రాజుకున్న ఇల్లు ఊళ్లో ఉండగూడదు తల్లీ," అన్నాడు.

'కాదు సామీ, నా పొయ్యిలోది' అనాలి. ఒక్క మాట. నేను అంటే ఇంకో ముగ్గురు లేచేవాళ్లేమో. వాళ్లూ ఇంకొకరు లేస్తారని చూస్తూ ఉన్నారేమో. అత్త నా మోకాలి మీద చేయి వేసింది. లెమ్మనా, వద్దనా, ఆమె బతికుండగా అడగలేకపోయాను. వద్దని అనుకున్నాను. అలా అనుకోవడం నాకు తేలిక.

ఆదివారం అతను వచ్చాడు. తట్టలో గిన్నెలు పెట్టుకుని, బిడ్డనెత్తుకుని ఇద్దరూ పాకాల దారి పట్టారు. తలుపు సందులోంచి చూశాను. వీధిలో అన్ని తలుపులూ నా తలుపంతే తెరిచి ఉన్నాయి.

సోమవారం పొద్దున పొయ్యిలో బూడిద తీశాను. నీళ్లు చల్లి, పుల్లతో బాగా కలిపి, చల్లారిందో లేదో చేత్తో తాకి చూసి, అప్పుడు తీసుకెళ్లి దిబ్బ మీద పోశాను. అలా చెయ్యమని నాకెవరూ చెప్పలేదు. తలెత్తి చూస్తే వీధి పొడుగునా ఒక్క దిబ్బ మీద కూడా పొగ లేదు.